గర్భసంచి తీసేయడమే దారి అన్న మాట ఎక్కడ మొదలైంది?

ఈసారి పాలెగాళ్ల కథ కాదు. మన ఇళ్లలో ఆడవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే ఒక జబ్బు చరిత్ర. మగవాళ్లూ చదవాలి, ఎందుకంటే ఆపరేషన్ కాగితం మీద సంతకానికి పిలిచేది చాలాసార్లు మనల్నే.

మా పెద్దమ్మకు ముప్పై అయిదు నిండకముందే గర్భసంచి తీసేశారు. నెలనెలా రక్తం ఆగేది కాదు, నొప్పికి చేలోనే కూలబడేది. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా సంచి ఎందుకమ్మా" అన్నారట. కారిమంగళం సంతకు నెత్తిన గంపతో నడిచొచ్చిన మనిషి ఆమె. తనకు వచ్చిన జబ్బు పేరేమిటో చివరిదాకా ఆమెకు తెలియదు.

అలాంటి బాధకు ఉన్న కారణాల్లో ఒకటి అడినోమయోసిస్. గర్భసంచి లోపలి పొర, దాని కండర గోడలోకి చొచ్చుకుపోయి పెరగడం. గోడ ఉబ్బుతుంది, నెలసరి నరకమవుతుంది. 1860లో వియన్నా వైద్యుడు రోకిటాన్‌స్కీ ఇలాంటి మార్పును వర్ణించాడు. 1908లో అమెరికాలో థామస్ కల్లెన్ దీని మీద పెద్ద పుస్తకమే రాశాడు. 1925లో ఫ్రాంకల్ ఈ పేరు పెట్టాడు.

ఇక్కడే అసలు చిక్కు. దశాబ్దాల పాటు ఈ జబ్బును ఖాయంగా తేల్చాలంటే, తీసేసిన గర్భసంచిని కోసి సూక్ష్మదర్శినిలో చూడాల్సిందే. అంటే వైద్యం ముందు, జబ్బు పేరు తర్వాత! "తీసేయడమే దారి" అన్న మాట అలా పాతుకుపోయింది.

1980ల నుంచి ఎంఆర్ఐ, మెరుగైన స్కాన్లు వచ్చి సంచి లోపలే ఉండగా జబ్బును చూపించాయి. ఇక దారులు తెరుచుకున్నాయి. 1990లో ఫిన్లాండ్‌లో హార్మోన్ లూప్ అమ్మకానికి వచ్చింది. గర్భం రాకుండా చేసిన ఆ లూపే రక్తస్రావాన్నీ తగ్గిస్తుంది. 1995లో పారిస్ వైద్యుడు రవీనా బృందం, గర్భసంచికి రక్తం తీసుకెళ్లే నాళాలను సన్నని గొట్టం ద్వారా మూసి గడ్డలను కుదించిన అనుభవాన్ని ప్రచురించింది. తర్వాత ఆ పద్ధతిని అడినోమయోసిస్‌కూ వాడారు. చైనాలో కోత లేకుండా శబ్ద తరంగాల వేడితో జబ్బు భాగాన్ని కాల్చే పద్ధతి పెరిగింది. జపాన్‌లో ఒసాడా, జబ్బు కండను తీసి గోడను మళ్లీ పొరలుగా కుట్టే శస్త్రచికిత్స చేశాడు. ఇవన్నీ అందరికీ సరిపడవు. లూప్ తీస్తే బాధ తిరిగి రావచ్చు. గోడ కుట్టించుకున్నాక గర్భం వస్తే చీలే ప్రమాదం ఉంటుంది. పిల్లలు కావాలనుకునేవారు ఆ సంగతి ముందే అడగాలి.

మరి మన తెలుగు నేల మీద ఏమైంది? 2007లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. పేదలకు మేలే జరిగింది. కానీ ప్రైవేటు ఆసుపత్రుల్లో అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల మీద గొడవ లేచి, పథకం కింద వాటిని ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. కారణాలు రకరకాలు, అన్నీ అడినోమయోసిస్ కాదు. అయినా ఇంత తేడా ఊరికే రాదు. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, అనవసరపు ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని చెప్పింది.

గర్భసంచి తీయడం తప్పని నేననడం లేదు. క్యాన్సర్ ఉంటే, వేరే వైద్యాలేవీ పనిచేయకపోతే అదే ప్రాణం కాపాడుతుంది, బాధ తీరుస్తుంది. కానీ సంతకం పెట్టేముందు మూడు మాటలు అడగండి. జబ్బు పేరేమిటి? సంచి ఉంచి చేసే వైద్యం ఏముంది? అండాశయాలను కూడా తీస్తారా, ఎందుకు? తొందర లేని కేసైతే ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో ఇంకో మాట అడిగి రండి.

మా పెద్దమ్మను ఆ మూడు మాటలూ అడగనిచ్చినవారు లేరు. మన కోడళ్లకు, కూతుళ్లకు పక్కన నిలబడి అడగడానికి మనమున్నాం.