కడుపు లింఫోమా: కత్తి నుంచి మాత్ర దాకా

తెనాలిలోనైనా, బాపట్ల, రేపల్లెల్లోనైనా కడుపులో మంటకు ముందు పెట్టే పేరు గ్యాస్. మందుల షాపులో మాత్ర కొనుక్కుని నెలల తరబడి నెట్టుకొస్తారు. చాలామందికి ఉన్నది గ్యాసో, అల్సరో. ఏ ఒక్కరికో మాత్రం జీర్ణాశయపు లోపలి పొరలో నెమ్మదిగా పెరిగే లింఫోమా, అంటే లింఫ్ కణాల క్యాన్సర్, ఉంటుంది. దాన్ని మాల్ట్ లింఫోమా అంటారు. అరుదైన జబ్బే, కానీ దాని వైద్యం తిరిగిన మలుపు అపూర్వం.

ఒకప్పుడు బేరియం తాగించి తీసిన ఎక్స్‌రేలో కడుపు మడతలు లావెక్కినట్టు కనబడితే, అది పుండో క్యాన్సరో తేలేది కాదు. 1957లో బాసిల్ హిర్షోవిట్జ్ వంగే ఎండోస్కోపును చూపించాక, పొట్ట కోయకుండానే లోపల చూసి ముక్క తీసే దారి తెరుచుకుంది. అయినా ఆ ముక్కలో కనబడిన చిన్న లింఫ్ కణాల గుంపును చాలాచోట్ల ‘సూడోలింఫోమా’ అని పక్కన పెట్టేవారు. క్యాన్సరేనని తేలితే సర్జన్ జీర్ణాశయాన్ని సగమో, మొత్తమో తీసేసేవారు. మిగిలిన జీవితమంతా కొద్దికొద్దిగా తింటూ, బి12 ఇంజక్షన్లతో గడపాలి.

1983లో పీటర్ ఐజాక్‌సన్, డెనిస్ రైట్ ఇది విడిగా ఒక లింఫోమా అని నిరూపించారు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వారెన్, మార్షల్ జీర్ణాశయంలో హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవిని పట్టుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న కడుపు పొరలో లింఫ్ కణజాలం దాదాపు ఉండదు. ఈ సూక్ష్మజీవి చేరాకే అది పోగవుతుంది. 1991లో వోథర్‌స్పూన్ బృందం 110 మంది రోగుల ముక్కలు పరీక్షిస్తే 92 శాతంలో ఆ సూక్ష్మజీవి కనబడింది. 1993లో అదే బృందం ఆరుగురికి యాంటీబయాటిక్స్ మాత్రమే ఇచ్చింది; ఐదుగురిలో లింఫోమా మాయమైంది. క్యాన్సర్ యాంటీబయాటిక్‌కు లొంగడమా! ఎందరో వైద్యులు వెంటనే నమ్మలేకపోయారు.

ఈ కథలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుకూ చోటుంది. ఆయన నడిపిన లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనల్లోనే బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కనిపెట్టాడు. టెట్రాసైక్లిన్ల కుటుంబంలో అదే మొదటిది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని పైలోరీ ఎక్కువైన మన దేశంలో, బిస్మత్‌తో కలిపి ఇచ్చే నాలుగు మందుల కోర్సులో ఆ కుటుంబపు మందు నేటికీ ఉంది.

గ్యాస్ మాత్రతో ఇంకో చిక్కుంది. ఒమెప్రజోల్, పాంటప్రజోల్ వంటివి వాడుతుంటే సూక్ష్మజీవి ఉన్నా పరీక్షలో లేనట్టు రావచ్చు. అందుకే డాక్టరుకు చెప్పి కనీసం రెండు వారాల ముందు ఆపాలి. ఒకే ముక్కతోనూ సరిపోదు, చాలాచోట్ల నుంచి తీయాలి. కోర్సు ముగిశాక సూక్ష్మజీవి పోయినా లింఫోమా కరగడానికి ఏడాది పైగా పట్టవచ్చు. ఆ లోగా తొందరపడి ఆపరేషన్ అక్కర్లేదు. లింఫోమా కణాల్లో 11, 18 క్రోమోజోముల మధ్య మార్పిడి జరిగినవాళ్లలో యాంటీబయాటిక్ తరచూ పనిచేయదు. వాళ్లకు జనం ‘కరెంటు పెట్టడం’ అనే రేడియేషన్, సాధారణంగా 24 నుంచి 30 గ్రే, లేదా రిటుక్సిమాబ్ అనే మందు ఉంది.

నన్ను కలవరపెట్టేది ఆ తర్వాతి దశ. మంట తగ్గిన మనిషి రేపల్లె నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి మళ్లీ ఎందుకు వెళ్తాడు? కానీ వెళ్లాలి. లింఫోమా తిరిగి రావచ్చు, ఆ కడుపులో మామూలు క్యాన్సర్ ముప్పూ ఎక్కువే. మొదట్లో కొన్ని నెలలకోసారి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకల్లా ఎండోస్కోపీ చేయించుకుంటూనే ఉండాలి.