ఫిర్యాదులు లేవంటే వివక్ష లేనట్టేనా?

అమెరికాలో 1964లో పౌరహక్కుల చట్టం వచ్చింది. హోటల్లో, సినిమా హాల్లో, ఉద్యోగంలో రంగు చూసి గెంటేయకూడదన్నారు. ఇళ్ల విషయం మాత్రం 1968 దాకా ఆగింది. మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి ఆ చట్టంపై సంతకం పడింది.

ఇక ఫిర్యాదుల సంగతి. ఉద్యోగాల్లో వివక్షపై కమిషన్ 1965లో పని మొదలుపెట్టింది. మొదటి ఏడాదే దాదాపు 9 వేల ఫిర్యాదులు! అందులో సుమారు మూడో వంతు ఆడ, మగ తేడా చూపిస్తున్నారనే. పెళ్లయితే ఉద్యోగం తీసేస్తున్నారని ఎయిర్‌హోస్టెస్‌లు కూడా వచ్చారు. ఆ మాటను బిల్లులో చేర్పించిన హోవార్డ్ స్మిత్ అసలు ఆ బిల్లుకే వ్యతిరేకి.

ఇళ్ల చట్టంలో వికలాంగుల ప్రస్తావన 1988 దాకా లేదు. ఇప్పుడు ఇళ్ల ఫిర్యాదుల్లో సగానికి పైగా వాళ్లవే. మరి అంతకుముందు వాళ్లకి ఇల్లు ఈజీగా దొరికిందా? లేదు. చెప్పుకోడానికి చోటు లేదు, అంతే.

ఉద్యోగాల్లో ఈమధ్య అన్నిటికంటే ఎక్కువ వచ్చే ఫిర్యాదు ఏంటో తెలుసా? "ఫిర్యాదు చేశానని నా మీద కక్ష కట్టారు" అని. అందుకే ఎవరైనా "మా దగ్గర ఒక్క కంప్లైంట్ కూడా లేదు" అంటే నేను వెంటనే నమ్మను. కంప్లైంట్ ఇచ్చినవాళ్ల ఉద్యోగం నిలుస్తుందా అని ముందు అడుగుతా. మీరూ అడగండి.