మునిగిన వల్లకాడు

మల్లన్నసాగర్ మాటొస్తే మనవాళ్ళు రెండు జట్లుగా విడిపోతారు. ఒకరు 50 టీఎంసీలంటారు, ఇంకొకరు నష్టపరిహారమంటారు. ఆ గొడవలో పెద్దగా వినపడని సంగతి ఒకటుంది. అది వల్లకాడు.

వేములఘాట్ సిద్దిపేట జిల్లా తొగుట మండలంలోని ఊరు. 2016లో అక్కడి జనం రిలే దీక్షలకి కూర్చుని వందల రోజులు సాగించారు. జీవో 123 వద్దు, 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఇవ్వండి అన్నది వాళ్ళ డిమాండు. చివరికి 2021లో ఊరు ఖాళీ అయింది. జనం గజ్వేల్ దగ్గర పునరావాస కాలనీకి వెళ్ళారు. 2022 ఫిబ్రవరి 23న రిజర్వాయర్ ప్రారంభమైంది.

ఇప్పుడు వాళ్ళడిగిన ఆ 2013 చట్టమే తీసుకోండి. నిర్వాసితుల కొత్త ఊళ్ళో ఏమేం ఉండాలో మూడో షెడ్యూల్ చెబుతుంది. రోడ్లు, మురుగుకాలవలు, రేషన్ షాపు, బడి, గుడి, చివరికి రచ్చబండ కూడా. అక్కడి కులాల ఆచారాన్ని బట్టి శ్మశానం కూడా ఇవ్వాలి. బాగానే ఉంది. కానీ పాత ఊళ్ళో ఉన్న సమాధుల సంగతేంటి? ఆ జాబితాలో దాని ఊసే లేదు. మన భాషలో చెప్పాలంటే కొత్త సర్వర్ ఇచ్చారు, డేటా మైగ్రేషన్ మాత్రం స్కోపులో లేదు!

డేటా అని ఊరికే అనలేదు. మన పల్లెల్లో వల్లకాటికి గేటుండదు, రిజిస్టరుండదు. కులానికో దిక్కు. కొందరైతే సొంత పొలం గట్టునే పెట్టుకుంటారు. చాలావాటి మీద పేరు కూడా ఉండదు, ఓ మట్టిదిబ్బ, ఓ రాయి, అంతే. ఏ చెట్టుకి ఇవతల ఎవరి తాత ఉన్నాడో ఇంట్లోవాళ్ళకే తెలుసు. అంటే ఆ చోటే రికార్డు. చోటు మునిగి, జనం చెదిరితే రికార్డు పోయినట్టే.

బోస్టన్‌లో ఉన్న మనవాళ్ళు తాగే నీళ్ళు క్వాబిన్ రిజర్వాయర్‌వి. నిల్వ సుమారు 55 టీఎంసీలు, దాదాపు మన మల్లన్నసాగరంత. దానికోసం 1938లో డేనా, ఎన్‌ఫీల్డ్, గ్రీన్‌విచ్, ప్రెస్కాట్ అనే నాలుగు ఊళ్ళని రద్దు చేశారు. ఆ లోయలోంచి 7,613 సమాధుల్ని తీసి, చాలావాటిని కొత్తగా కట్టిన క్వాబిన్ పార్క్ శ్మశానానికి తరలించారు. ఊళ్ళు పోయాయి, పేర్లు మిగిలాయి.

అమెరికా సంగతి వదిలేద్దాం. నాగార్జునసాగర్ నిండకముందు, 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయని తవ్వారు. అక్కడ ఇక్ష్వాకుల కాలంలో చనిపోయినవాళ్ళ కోసం నిలిపిన ఛాయాస్తంభాలు ఇప్పుడు మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. పదిహేడు వందల ఏళ్ళ కిందట పోయినవాళ్ళకి చోటు దొరికిందన్నమాట. మొన్న పోయిన రైతుకో, కూలీకో దొరకాలంటే మాత్రం పురావస్తువు అయ్యేదాకా ఆగాలి కాబోలు!

ప్రాజెక్టులే వద్దనట్లేదు. అన్ని సమాధులూ తవ్వి మోసుకెళ్ళాలనీ కాదు, కొందరి ఆచారం ఒప్పుకోదు కూడా. కానీ ఇళ్ళూ, బావులూ, చెట్లూ లెక్కపెట్టే సర్వేలో సమాధులకి ఓ కాలమ్ పెడితే ఏం పోతుంది? ఊరి పెద్దలని వెంటబెట్టుకుని తిరిగితే ఓ ఫోటో, ఓ పేరు, ఓ జీపీఎస్ పాయింటు. తరలించాలా వద్దా అన్నది ఆ కుటుంబం తేల్చుకుంటుంది.

వేములఘాట్‌కి ఆ సర్వే ఇక కుదరదు. కానీ ఎవరిని ఎక్కడ పెట్టారో చెప్పగల పెద్దవాళ్ళు కాలనీల్లో ఉన్నారు. వాళ్ళని కూర్చోబెట్టి రాసుకోడానికి జీవో అక్కర్లేదు. వాళ్ళూ వెళ్ళిపోయాక మాత్రం బ్యాకప్ లేదు.