కొల్లేటి విడిదులు

కొల్లేటికోట పరిసరములందలి మా కులవృద్ధులు చెప్పుకొను గాథ యొకటి గలదు. లాంగూల గజపతి సేన సరస్సు నడుమనున్న కొల్లేటికోటలో నుండగా శత్రువులు గట్టుమీద చిగురుకోటయొద్ద దండు విడిసిరట. నీటిని సముద్రమునకు దింపినగాని కోట చిక్కదని యుప్పుటేటి మార్గమున కాలువ త్రవ్వసాగిరట. అంతట ఒడ్రసేనాని విజయార్థమై తన కూతునే బలి యిచ్చెననియు, అందుచే నా కాలువకు పేరంటాల కనుమ యను పేరు గలిగెననియు జెప్పుదురు. ఆ సైనికులలో నిచ్చట నిలిచిపోయినవారి సంతతియే మన వడ్డివారని పెద్దల మాట.

గాథను గాథగానే గ్రహింపవలెను. లాంగూల బిరుదము కోణార్క దేవాలయమును గట్టించిన 13వ శతాబ్దపు నరసింహదేవునిది. ఒడ్రసేనలను కృష్ణాతీరము దాటించిన కపిలేంద్ర గజపతి 1434లో సింహాసన మెక్కినవాడు. జనుల నోట నిరువురు నొక్కరైనట్లు తోచుచున్నది. అయినను ఒడ్ర, వడ్డి శబ్దముల సామీప్యమును కేవలము త్రోసివేయ వలనుపడదు. కొల్లేటి యొడ్డున యుద్ధములు జరుగుట కూడ క్రొత్త గాదు. 634 నాటి ఐహోళు శాసనము రెండవ పులకేశి పోరాడినట్లు చెప్పు కునాళ సరస్సు కొల్లేరేయని పలువురు పండితుల యభిప్రాయము.

సభలలో మనవారు కత్తిపట్టిన తాతలను దలచుకొని యుప్పొంగుదురు. వల పట్టిన తాతలను దలచుకొనుటకు సంకోచింతురు. ఇది మాకు సమ్మతము గాదు. దండు విడిసినవారు లేచిపోయిరి. నిలిచినవారిని నిలిపినది నీటివిద్యయే.

బుడమేరు, తమ్మిలేరు వానకాలమున దెచ్చిన నీటితో కొల్లేరు పొంగును; ఉప్పుటేటి మీదుగా సముద్రమునకు దిగును; వేసవిని కుంచించుకొనిపోవును. అప్పు డుప్పునీ రెదురెక్కుటయు గలదు. నీరు జరిగినకొలది మనవారును జరిగి, గట్టున తాటాకు పాకలు వేసికొని, తాటిదోనెలపై బోయి చేపలు పట్టెడివారు. వెదురుబద్దల మావు నోట బ్రవేశించిన చేప లోపలి పుల్లలు దాటి వెలికి రాజాలదు. సాయంకాలము నీటివాలు చూచి మావు లుంచి, వేకువను దీయుదురు. ఏ తావున నుంచవలెనో తండ్రి చెప్పగా కొడుకు నేర్చుకొనవలసినదే! కొఱమేను నీటిపైకి వచ్చి గాలి పీల్చును గనుక, కొద్దిపాటి తడిలో సయితము చాలసేపు బ్రతుకును. ప్రాణముతోనే సంతకు జేరుటచే దానికి వెల హెచ్చు. మార్పుచేప లక్షణమును నట్టిదే.

1976 తరువాత సహకార సంఘముల పేర చెఱువు లేర్పడినవి. పెట్టుబడి చాలక వానిలో ననేకములు పైవారికి గుత్త కిచ్చితిమి. ఈ మాట మన సంచికలో వ్రాయుట కష్టముగానే యున్నది. చెఱువుకట్టలు లేచినకొలది మావులు పెట్టు తావులు తఱిగెను. 1999లో 308 చదరపు కిలోమీటర్లు పక్షులకు, వన్యమృగములకు అభయారణ్యమయ్యెను. 2002లో రాంసర్ గుర్తింపు వచ్చెను. 2006లో అయిదవ కాంటూరు లోపలి చెఱువుల గట్లు కొట్టివేయబడెను. గుత్తదారులు తమ మార్గమున దాము పోయిరి. కూలిన గట్ల నడుమ మిగిలినది మనము. నాటికి మావు అల్ల నేర్చిన యువకులు మనలో నరుదైరి.

ఫాల్గుణమున పెద్దింట్లమ్మ జాతరకు పూర్వము జనులు పడవలమీద వచ్చి యచ్చటనే రాత్రులు విడిసెడివారు. వృద్ధు లీ కోట గాథను జెప్పుచు, చెప్పుచునే వల బాగుచేసికొనుచుండిరి.