‘ది కే’ నవల: నడిసముద్రంలో ఒక పిల్లవాడు, ఒక ముసలి నావికుడు

‘ది కే’ అమెరికా రచయిత థియోడర్ టేలర్ పిల్లల కోసం రాసిన నవల. 1969లో అచ్చయింది. ఓడ మునిగిపోయి, తెప్ప మీద కొట్టుకుపోయి, మనుషులు లేని దీవిలో చిక్కుకున్న పదకొండేళ్ల పిల్లవాడి కథ ఇది. ‘కే’ అంటే పగడపు దిబ్బల మీద ఇసుక చేరి ఏర్పడిన చిన్న దీవి. కరీబియన్ సముద్ర ప్రాంతంలో ఈ మాట వాడుకలో ఉంది.

పుస్తకం చిన్నది, భాష సులువు. పది పన్నెండేళ్ల పిల్లలు సొంతంగా చదువుకోగలరు. అమెరికా బడుల్లో దీన్ని చాలాకాలంగా చదివిస్తున్నారు. మనవలూ మనవరాళ్లూ అక్కడ చదువుకుంటున్న ఇళ్లలో ఈ పేరు వినే ఉండవచ్చు.

ఈ నవలకు ఒక పేరున్న బహుమతి వచ్చింది. ఐదేళ్ల తర్వాత రచయిత దాన్ని తిప్పి పంపించారు. పిల్లల చేతికి పుస్తకం ఇచ్చే ముందు పెద్దలు కథతో పాటు ఆ సంగతి కూడా తెలుసుకోవడం మంచిది. అందుకే రెండూ ఇక్కడ ఇస్తున్నాం.

కథ జరిగిన కాలం, స్థలం

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న 1942వ సంవత్సరం. వెనిజులా తీరానికి దగ్గరలో కురసావ్, అరుబా అనే రెండు డచ్చి దీవులు ఉన్నాయి. వెనిజులాలోని మరకైబో సరస్సు ప్రాంతంలో తీసిన ముడిచమురును చిన్న ట్యాంకర్ ఓడల్లో ఈ దీవులకు తెచ్చి, ఇక్కడి రిఫైనరీలలో శుద్ధి చేసేవారు. బ్రిటన్, అమెరికా సేనల విమానాలకు కావలసిన పెట్రోలులో పెద్ద భాగం ఇక్కడి నుంచే వెళ్లేది. కాబట్టి జర్మనీ కన్ను వీటి మీద పడింది. 1942 ఫిబ్రవరి 16న జర్మన్ జలాంతర్గాములు అరుబా దగ్గర ట్యాంకర్ల మీద దాడి చేశాయి. నవల ఈ నిజమైన దాడితోనే మొదలవుతుంది.

కథానాయకుడు ఫిలిప్ ఎన్‌రైట్ కురసావ్ ముఖ్యపట్టణం విల్లెమ్‌స్టాడ్‌లో ఉండే అమెరికన్ పిల్లవాడు. తండ్రి అక్కడి రిఫైనరీలో విమానాల పెట్రోలు ఉత్పత్తి పెంచే పనిలో ఉంటాడు. తల్లిది అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం. నల్లవారితో కలవకూడదని, వాళ్లు మనలాంటి వాళ్లు కాదని ఆమె కొడుక్కి నేర్పింది. పిల్లవాడికి ఇందులో సొంతంగా తెలిసింది ఏమీ లేదు. ఇంట్లో విన్నదే నమ్మాడు.

కథ

యుద్ధ భయంతో తల్లి కొడుకును తీసుకుని అమెరికాకు బయలుదేరుతుంది. వాళ్లు ఎక్కిన ‘హాటో’ అనే ఓడను 1942 ఏప్రిల్ 6 తెల్లవారుజామున టార్పెడో తాకుతుంది. పడవలోకి దిగే గందరగోళంలో తల్లీకొడుకులు విడిపోతారు. ఫిలిప్ తలకు దెబ్బ తగిలి స్పృహ పోతుంది. కళ్లు తెరిచేసరికి ఒక తెప్ప మీద ఉంటాడు. పక్కన ఇద్దరే తోడు. ఒకరు డెబ్బై ఏళ్లు దాటిన నల్లజాతి నావికుడు తిమోతి, రెండోది ఓడ వంటవాడి పిల్లి. తెప్ప మీద ఉన్నవి ఒక పీపాలో మంచినీళ్లు, కొన్ని బిస్కెట్లు, చాక్లెట్, అగ్గిపుల్లలు.

రెండు రోజులు గడిచేసరికి తలకు తగిలిన దెబ్బ వల్ల ఫిలిప్‌కు చూపు పోతుంది. పిల్లవాడు భయంతో, కోపంతో తిమోతి మీద అరుస్తాడు. నీళ్లు లెక్కగా ఇస్తున్నాడని తప్పు పడతాడు. ఒకసారి సొరచేపలు తిరిగే నీళ్లలో పడిపోతే తిమోతే దూకి పైకి తెస్తాడు. చివరికి మైలు పొడవుండే ఒక చిన్న దీవికి చేరతారు. చుట్టూ పగడపు దిబ్బలు ఉండటంతో పెద్ద ఓడలు ఆ దరికి రావు. ఈ సంగతి తిమోతికి తెలుసు. పిల్లవాడు బెదిరిపోతాడని వెంటనే చెప్పడు.

తిమోతి ఫిలిప్‌ను ‘చిన్న దొరా’ అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తుంటాడు. తర్వాత ఫిలిప్ తనను పేరుతో పిలవమని అడుగుతాడు. కథలో మార్పు ఎంతవరకు వచ్చిందో చెప్పే చోటు అదే.

రాళ్లతో రాసిన అక్షరాలు

నవల మొత్తంలో గుర్తుపెట్టుకోవలసిన ఘట్టం ఒకటి ఉంది. విమానాలకు కనబడేలా ఇసుకలో రాళ్లు పేర్చి ‘సాయం’ అనే ఇంగ్లీషు మాట రాయాలని తిమోతి అనుకుంటాడు. కాని అక్షరాలు ఎలా పేర్చాలో పిల్లవాడినే అడుగుతాడు, అదీ సూటిగా కాదు. ముసలాయనకు చదువు రాదని ఫిలిప్‌కు అర్థమవుతుంది. తనే పైచేయి అనుకుంటాడు, అయినా బయటపెట్టకుండా ఇసుకలో అక్షరాలు గీసి చూపిస్తాడు.

ఆ మంచితనం ఎంతోకాలం నిలవదు. కొద్ది రోజుల్లోనే చాప అల్లడం నేర్చుకోమని తిమోతి కూర్చోబెడతాడు. కళ్లు లేనివాడు ఎలా అల్లుతాడని ఫిలిప్ కోపంతో చేతిలోది విసిరేసి, అతని రంగును, అక్షరం రాని సంగతిని రెండింటినీ కలిపి తిడతాడు. తిమోతి చెంప మీద ఒకటి కొట్టి, మాట్లాడకుండా తన అల్లిక పని తను చేసుకుంటాడు. ఆ తర్వాతే పిల్లవాడు ఆలోచనలో పడతాడు. చదువు రాని ఈ మనిషి దారాలు, గాలి, చేపలు, ఆకులు అన్నిటినీ చదవగలడని, తనకు చదువు ఉన్నా ఈ దీవి మీద ఏమీ రాదని గ్రహిస్తాడు.

బతకడం నేర్పిన తీరు

తిమోతికి వయసు మీరింది. మలేరియా జ్వరం వస్తూ ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు పిల్లవాడు ఒంటరిగా మిగిలిపోతాడని అతనికి తెలుసు. అందుకే అన్నీ తానే చేసి పెట్టకుండా ఒక్కొక్కటే నేర్పుకుంటూ వస్తాడు. వరసగా చూస్తే అందులో ఒక క్రమం కనిపిస్తుంది.

1. గుడిసె నుంచి ఒడ్డుదాకా తీగలు పేనిన తాడు కడతాడు. పిల్లవాడు దాన్ని పట్టుకుని ఒంటరిగా నడవడం మొదలుపెడతాడు.

2. చేతికి ఒక కర్ర ఇస్తాడు. కొన్నాళ్లకు తాడు అవసరం లేకుండా దీవి అంతా తిరుగుతాడు.

3. చాపలు అల్లే పని ఇస్తాడు. చేతివేళ్లకు చూపు అలవాటు చేయడానికి అది దారి.

4. మేకులతో గేలాలు చేసి, కంటితో పని లేకుండా వేళ్లతోనే ఎర గుచ్చడం, తీగ లాగినప్పుడు చేప బరువు గుర్తించడం నేర్పుతాడు.

5. కొబ్బరిచెట్టు ఎక్కమంటాడు. మొదటిసారి భయపడి దిగిపోయిన ఫిలిప్ తర్వాత ఎక్కి కాయలు కోస్తాడు.

6. ఏం దాచుకోవాలో, ఎక్కడ దాచుకోవాలో చెబుతాడు. నీళ్ల పీపాను, గేలాలను చెట్టుకు ఎత్తులో కట్టి ఉంచుతాడు.

జులై నెలలో వచ్చిన తుఫానులో ఈ ఆరో పాఠమే పిల్లవాడి ప్రాణం కాపాడుతుంది.

తుఫాను

కరీబియన్‌లో ‘హరికేన్’ అనేది, మన బంగాళాఖాతంలో ‘తుఫాను’ అనేది ఒకే రకం వాతావరణ సంఘటన. నడుమ కన్ను ఉంటుంది, అది మీదుగా వెళ్లేటప్పుడు కాసేపు గాలి ఆగుతుంది, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి మళ్లీ వీస్తుంది. 1996 నవంబరు తుఫానును చూసిన యానాం వాళ్లకు, 1999 అక్టోబరు, 2013 అక్టోబరు తుఫాన్లను చూసిన ఒడిశా తీరం వాళ్లకు ఈ అధ్యాయం కొత్తగా అనిపించదు. గాలి ఆగగానే అయిపోయిందనుకుని బయటికి వచ్చేవాళ్లు ప్రమాదంలో పడతారు. రెండో విడత గాలికి సిద్ధంగా ఉండటం అనే ఈ విషయాన్ని నవల సరిగ్గానే చూపిస్తుంది.

తిమోతి పిల్లవాడిని చెట్టుకు కట్టి, తన వీపు గాలికి అడ్డం పెట్టి నిలబడతాడు. ఇసుకా కంకరా కొట్టి ఒళ్లంతా చీరుకుపోతుంది. తుఫాను తగ్గాక అతను చనిపోతాడు. చూపు లేని ఫిలిప్ ఒక్కడే గొయ్యి తీసి పూడ్చిపెడతాడు. ఆ తర్వాత చెట్టుకు కట్టిన గేలాలూ నీళ్లూ వెతుక్కుని, తనకు నేర్పిన పనులన్నీ ఒంటరిగా చేసుకుని బతుకుతాడు. విమానం చప్పుడు వినబడినప్పుడు నూనె ఉన్న ఆకులు మంటలో వేసి నల్లటి పొగ తెప్పిస్తాడు. 1942 ఆగస్టు 20న అమెరికా యుద్ధనౌక వాళ్లు వచ్చి తీసుకెళ్తారు. తర్వాత ఆపరేషన్లతో చూపు తిరిగి వస్తుంది.

రచయిత

థియోడర్ టేలర్ 1921లో అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్రంలో పుట్టారు, 2006లో మరణించారు. రెండో ప్రపంచ యుద్ధంలో సరుకు ఓడల్లోనూ, నౌకాదళంలోనూ పనిచేశారు. జర్మన్ జలాంతర్గాముల మీద మరో పుస్తకం కోసం పాత రికార్డులు చూస్తుండగా, కరీబియన్‌లో మునిగిన డచ్చి ఓడ నుంచి తెప్ప మీద ఒంటరిగా కొట్టుకుపోయిన పిల్లవాడి సంగతి ఆయన కంటబడింది. చాలా ఏళ్లు మనసులో ఉంచుకుని తర్వాత ఈ నవల రాశారు. 1968లో హత్యకు గురైన మార్టిన్ లూథర్ కింగ్ కన్న కలకు పుస్తకాన్ని అంకితం చేశారు.

బహుమతి, తర్వాతి వివాదం

1970లో నవలకు జేన్ ఆడమ్స్ బాలల పుస్తక బహుమతి వచ్చింది. శాంతికీ, సమానత్వానికీ పేరొచ్చిన బహుమతి అది. 1974లో నవల ఆధారంగా టీవీ చిత్రం వచ్చింది. జేమ్స్ ఎర్ల్ జోన్స్ తిమోతిగా నటించారు. ఆ కాలంలోనే విమర్శలు కూడా పెరిగాయి. జాతుల సమానత్వం కోసం పిల్లల పుస్తకాలను పరిశీలించే సంస్థ ఒకటి ఇలా ప్రశ్నించింది. తిమోతికి ఇంటిపేరు లేదు. అతని కుటుంబం గురించి చెప్పింది చాలా తక్కువ. అతని మాట తీరును యాసతో రాసి చూపించారు. తెల్ల పిల్లవాడికి సేవ చేసి, అతని కోసం చచ్చిపోవడానికే ఆ పాత్ర పుట్టినట్టుంది. చివరికి బహుమతి ఇచ్చినవారు కూడా ఇచ్చినందుకు విచారం తెలిపారు. 1975లో టేలర్ బహుమతిని తిప్పి పంపారు.

విమర్శను పూర్తిగా తోసిపుచ్చడానికి లేదు. కథ చెప్పేది ఫిలిప్ ఒక్కడే. అతనికి కనబడనిది మనకు కూడా కనబడదు. ఇంకో ఉదాహరణ: రక్షణ లేకుండా ట్యాంకర్లు నడపమని చైనా నావికులు మొండికేశారని నవలలో పైపైన వస్తుంది. ఆ కాలంలో నిజంగా జరిగింది ఇంకా పెద్దది. 1942 ఏప్రిల్ 20న కురసావ్‌లో సమ్మె చేస్తున్న చైనా నావికుల మీద కాల్పులు జరిగి 15 మంది చనిపోయారు. సంపన్న ఇంటి పిల్లవాడి కిటికీ నుంచి అంతవరకు కనబడదు.

టేలర్ 1993లో ‘తిమోతి ఆఫ్ ద కే’ అనే రెండో పుస్తకం రాశారు. అందులో తిమోతి బాల్యం, ఓడ పని కోసం అతను పడిన పాట్లు ఒక పక్క, ఫిలిప్ ఆపరేషన్ ఇంకో పక్క నడుస్తాయి. మొదటి పుస్తకంలో మిగిలిపోయిన వెలితిని కొంతవరకు ఇది పూడుస్తుంది. వీలైతే రెండూ వరసగా చదివించాలి.

పిల్లలతో చదివేటప్పుడు

చదివిన తర్వాత ఈ ప్రశ్నలు వేస్తే మాట్లాడుకోవడానికి వీలుంటుంది.

ఫిలిప్‌కు నల్లవారి మీద ఉన్న అభిప్రాయం ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? మన ఇంట్లో పిల్లలు ఎవరి గురించి ఏం వింటున్నారు?

ఇదే కథను తిమోతి చెబితే ఏ సంగతులు ముందు చెబుతాడు, ఏవి చెప్పకుండా వదిలేస్తాడు?

అక్షరం రానివాడికి ఏమీ తెలియదని ఫిలిప్ ఎందుకు అనుకున్నాడు?

చివరి ప్రశ్న మన ఇళ్లకు దగ్గరగా ఉంది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశాలలో తరతరాలుగా ఉన్న మన కుటుంబాల్లో, తెలుగు బాగా మాట్లాడుతూ తెలుగు అక్షరాలు రానివాళ్లు ఉన్నారు. బడి వేరే భాషలో సాగింది కాబట్టి అలా జరిగింది. మన మాటలో కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియానో కలిసినందుకు నవ్వేవాళ్లూ ఉన్నారు. అలాంటి పెద్దవాళ్ల దగ్గర ఉన్న సామెతలు, వంటలు, పాటలు, చుట్టరికాల లెక్కలు ఏ పుస్తకంలోనూ దొరకవు. పిల్లలు అక్షరం నేర్చుకోవాలి, పెద్దలకు తెలిసింది కూడా నేర్చుకోవాలి. ఈ నవలలో రాళ్ల అక్షరాలు పిల్లవాడు నేర్పాడు, తాడు పేనడం ముసలాయన నేర్పాడు. ఇద్దరికీ ఒకరితో ఒకరికి పని పడింది.

తిమోతి పిల్లవాడి చెయ్యి పట్టుకుని రోజూ ఒడ్డుకు తీసుకెళ్లవచ్చు. అలా చేసి ఉంటే తుఫాను తర్వాత ఆ పిల్లవాడు వారం కూడా బతికేవాడు కాదు. తాడు కట్టి, చేతికి ఇచ్చి, తాను పక్కకు తప్పుకున్నాడు. ఇంట్లో తెలుగు గురించి ఆలోచించే పెద్దలు పనికట్టుకుని చదవవలసింది ఆ అధ్యాయాలే. మనం ఉన్నంతకాలం మనమే మాట్లాడి, మనమే చదివి వినిపిస్తే చాలదు. పిల్లలు తమంతట తాము చదువుకునేలా రోజుకు పది నిమిషాలు కూర్చోబెట్టి నేర్పడం ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.