వజ్రం వెంట కాలయంత్రం: 'ఆదిత్య 369' కథనానికి కార్వాన్ నేపథ్యం

తెలుగులో విజ్ఞానకాల్పనిక కథనాల చర్చ వచ్చినప్పుడు సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో 1991లో విడుదలైన 'ఆదిత్య 369' ప్రస్తావన తప్పదు. ఆ చర్చ చాలావరకు హెచ్.జి. వెల్స్ 1895లో ప్రచురించిన 'ది టైమ్ మెషీన్' నవలతో పోలిక దగ్గరే ఆగిపోతుంది. యంత్రం ఊహ వెల్స్‌దే, అందులో సందేహం లేదు. అయితే వెల్స్ యాత్రికుణ్ణి నడిపించింది జిజ్ఞాస. తెలుగు కథ నడవడానికి ఒక వజ్రం కావలసి వచ్చింది. ఈ తేడాకు మూలాన్ని దక్కన్ చరిత్రలో, ముఖ్యంగా హైదరాబాదులోని కార్వాన్ వంటి చోట్ల వెదకవలసి ఉంటుంది.

కార్వాన్ చిత్రకథకు రంగస్థలం కాదు. కానీ కథలోని వజ్రం వంటి వస్తువులకు విలువ కట్టిన తావు అది. గోల్కొండ కోటకూ, 1578లో మూసీపై కట్టిన పురానాపూల్‌కూ నడుమ బిడారులు విడిసిన దారి పేరే ఆ పేటకు నిలిచింది. 1676లో తన యాత్రాగ్రంథాన్ని ప్రచురించిన ఫ్రెంచి వజ్రవర్తకుడు టావెర్నియర్, వంతెన దాటక ముందే ఒక పొడవాటి శివారు ఉందనీ, వర్తకులు, దళారులు, చేతిపనివారు అక్కడ నివసిస్తారనీ, పగలు నగరంలోకి వచ్చి వ్యాపారం చేసుకొని సాయంత్రానికి తిరిగి వెళతారనీ రాశాడు. ఆయన దానికి వేరే పేరు చెప్పినా వర్ణన కార్వాన్ ప్రాంతానికి సరిపోతుంది. 1671 నాటి టోలీ మసీదు ఆ కాలపు సంపదకు నేటికీ కనిపించే ఆనవాలు.

గనులను గురించి టావెర్నియర్ రాసినది ఇంకా విలువైనది. కొల్లూరు గనిలో దాదాపు 60,000 మంది పనిచేసేవారట. మగవారు తవ్వితే ఆడవారు, పిల్లలు మట్టి మోసేవారు. మరొక గని గురించి రాస్తూ, ఏడాదికి మూడు వరహాల కూలి మాత్రమే దక్కే ఆ బీదలు రాయి కనబడితే దాచుకోవడానికి వెనుదీయరనీ, అందుకే ప్రతి 50 మంది పనివారికి 12 నుంచి 15 మంది కావలివారిని పెడతారనీ చెప్పాడు. ఒక కూలివాడు చిన్న రాయిని కంటికొలకులో దాచుకొని పట్టుబడిన సంగతీ ఆయన నమోదు చేశాడు. భవిష్యత్ సమాజాలను చిత్రించే కథలు నిఘాను రేపటి సాంకేతికతగా చూపుతాయి. దక్కన్ గనుల్లో అది యంత్రం లేకుండానే, మనిషి కళ్ళతోనే అమలైంది.

అదే గ్రంథంలో వర్తకుల పిల్లల ముచ్చట ఒకటుంది. పదేళ్ళ నుంచి పదిహేను, పదహారేళ్ళ వయసు బాలురు ఊరి మధ్య చెట్టు కింద తూకపురాళ్ళ సంచి ఒక పక్కన, వరహాల సంచి మరో పక్కన ఉంచుకొని కూర్చుంటారు. ఎవరైనా రాయి తెస్తే అందరూ చేతులు మార్చుకుంటూ పరీక్షించి కొంటారు. వజ్రం అసలుదో నకిలీదో పసివాడి కన్ను చెప్పగలదన్న నమ్మకం ఈ వాణిజ్యంలోనే ఉంది. మ్యూజియంలో వజ్రం దొంగతనాన్ని చూసిన ఏకైక సాక్షి ఒక బాలుడే కావడం చిత్రకథకు ఆయువుపట్టు. దర్శకుడు టావెర్నియర్‌ను చదివాడని అనుకోవలసిన పనిలేదు. పోలిక మాత్రం కొట్టివేయదగినది కాదు.

యంత్రం మొదట చేరేది 1526 నాటి విజయనగరానికి. చిత్రం పట్టించుకోకపోయినా ఆ ఏడాదికి మరొక ప్రాముఖ్యం ఉంది. పానిపట్టు యుద్ధం తరువాత ఆగ్రాలో హుమాయూన్‌కు దక్కిన పెద్ద వజ్రాన్ని బాబరు తన స్వీయచరిత్రలో ప్రస్తావిస్తూ, దాని విలువను యావత్ లోకానికి రెండున్నర రోజులు సరిపడే తిండితో కొలిచాడు. వజ్రాన్ని అన్నంతో తూచిన ఈ లెక్క తెలుగు చిత్రంలో ఎక్కడా లేదు. అందులో వజ్రం రాయల వైభవానికి చిహ్నం, పురాతన వస్తువులను దొంగిలించి పోగుచేసుకొనే రాజావర్మకు వ్యామోహం. 20 మంజాడుల బరువు దాటిన వజ్రాలు రాజుకే చెందేవని, రాయల అనంతరం కొద్ది ఏళ్ళకే పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. ఆ లెక్కన మ్యూజియం గాజుపెట్టెలోకి చేరకముందే ఆ రాయి ఒకసారి తవ్వినవాడి చేయి జారిపోయింది. ఆస్థాననర్తకి వద్దా, తెనాలి రామకృష్ణుని వద్దా ఆగిన కాలయంత్రం గనిగుంత దగ్గర ఆగలేదు. చిత్రానికి ఇది చిన్న లోపం కాదు: రాజూ దొంగా ఉన్న కథలో శ్రామికుడు లేడు.

తరువాతి మజిలీ 2504. మూడవ ప్రపంచయుద్ధం ముగిసింది, అణుధూళి భయంతో మనుషులు నేల కిందికి చేరారు. సోవియట్ యూనియన్ కూలిపోతున్న ఏడాదిలో తెలుగు ప్రేక్షకుడికి ఈ భయం అరువుగా తోచి ఉండదు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' కూడా వనరులన్నీ కొద్దిమంది చేతికి చిక్కిన లోకాన్నే చూపింది; అక్కడ వజ్రం స్థానాన్ని నీరు, గాలి, పచ్చదనం తీసుకున్నాయి. 2504లో మనిషి నేల కిందికి వెళ్ళేది బతకడానికి. కొల్లూరులో పది, పన్నెండు అడుగుల లోతుకు, నీరు పడేదాకా దిగినవాడు వెళ్ళింది కూలి కోసం. ఆ కొల్లూరు గనుల నేల నేడు పులిచింతల జలాశయం ముంపులో ఉంది.