అడవిని మింగేసే పిచ్చి మొక్క.. వంద ఏనుగులై అమెరికా చుట్టేసింది! ఆ మంద వెనుక అసలు కథ ఇదీ

న్యూయార్క్‌లోని మీట్‌ప్యాకింగ్ డిస్ట్రిక్ట్. రెస్టారెంట్లు, ఖరీదైన షోరూమ్‌లతో ఎప్పుడూ కిటకిటలాడే ఏరియా. 2024 సెప్టెంబర్‌లో అక్కడి వీధుల్లో ఏనుగుల మంద ప్రత్యక్షమైంది. దంతాలున్న మగ ఏనుగులు, ఆడ ఏనుగులు, గున్నలు.. అన్నీ నిలువెత్తు సైజే. దూరం నుంచి చూస్తే అచ్చం అడవి నుంచి దిగొచ్చినట్టే ఉన్నాయి. దగ్గరికెళ్తే కానీ తెలియదు, ఒళ్లంతా సన్నటి కట్టెపుల్లలేనని! టికెట్ లేదు, గేటు లేదు. ఆఫీసుకెళ్లే వాళ్లు కూడా ఆగి సెల్ఫీలు దిగారు.

ఆ పుల్లలు మన దేశానివే. చేసిన చేతులూ మనవే. తమిళనాడు నీలగిరి జిల్లా గూడలూరు ప్రాంతంలోని గిరిజనులు ఈ బొమ్మలకు ప్రాణం పోశారు. బెట్టకురుంబ, పణియ, కాట్టునాయకన్, సోలిగ తెగలకు చెందిన సుమారు 200 మంది, దాదాపు ఐదేళ్ల కష్టం. ‘ది గ్రేట్ ఎలిఫెంట్ మైగ్రేషన్’ పేరుతో సాగిన ఈ టూర్‌లో మొత్తం 100 ఏనుగులున్నాయి. నడిపింది ‘ఎలిఫెంట్ ఫ్యామిలీ’ అనే సంస్థ, గూడలూరులోని ‘ది రియల్ ఎలిఫెంట్ కలెక్టివ్’. ఎలిఫెంట్ ఫ్యామిలీని 2002లో మొదలుపెట్టిన మార్క్ షాండ్ ఎవరో కాదు, ఇప్పటి బ్రిటన్ రాణి కెమిల్లాకు స్వయానా తమ్ముడు. ఆయన 2014లో చనిపోయారు.

ఏనుగు బొమ్మల్ని వీధుల్లో పెట్టడం ఈ సంస్థకు కొత్తేం కాదు. 2010లో లండన్‌లో 250కి పైగా ఫైబర్‌గ్లాస్ గున్న ఏనుగుల్ని రంగురంగుల పెయింట్లతో నిలబెట్టింది. చూడ్డానికి ముచ్చటగానే ఉన్నా, వాటికీ అడవికీ పెద్దగా సంబంధం కనిపించేది కాదు. ఈసారి తేడా అక్కడే ఉంది. బొమ్మకు వాడిన సరుకే ఒక సమస్య.

ఆ సరుకు పేరు లంటానా. మన దగ్గర కొన్నిచోట్ల పులికంప అంటారు. పసుపు, గులాబీ, నారింజ రంగుల్లో గుత్తులుగా పూసే ముళ్ల పొద ఇది. రోడ్డు పక్కన చూసే ఉంటారు. పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా. పూలు బాగున్నాయని 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్‌వాళ్లు తోటల్లో పెంచడానికి మన దేశానికి తెచ్చారు. తోట దాటి అడవిలో పడింది. ఇక ఆగలేదు. పండ్లు తిన్న పిట్టలు విత్తనాల్ని ఊరూరా చేరవేశాయి. 2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, దేశంలో పులులు తిరిగే అడవుల్లో 1.54 లక్షల చదరపు కిలోమీటర్లను లంటానా ఆక్రమించింది. అంటే 40 శాతానికి పైనే!

ఇది వచ్చిన చోట గడ్డి మొలవదు. ఆకులు విషపూరితం కాబట్టి జింకలు, పశువులు పెద్దగా ముట్టుకోవు. ఏనుగుకు రోజంతా మేయాలి.. అడవిలో మేత కరువైతే కనిపించేది పక్కనే ఉన్న చెరకు, వరి, అరటి తోట. గొడవ మొదలయ్యేది ఇక్కడే.

అందుకే ఈ మొక్కనే ఏనుగుగా మార్చారు. అడవిలో నరికిన కొమ్మల్ని ముందు నీళ్లలో ఉడకబెడతారు. మెత్తబడ్డాక బెరడు ఒలిచేస్తారు. ఇనుప చువ్వలతో చేసిన ఏనుగు ఆకారం చుట్టూ ఒక్కో పుల్లనూ వంచి బిగిస్తారు. ఇంకో విశేషం ఏంటంటే, ఇవి ఊహించుకుని చేసిన ఏనుగులు కావు. ప్రతి బొమ్మకూ నీలగిరిలో నిజంగా తిరిగే ఒక ఏనుగు మూలం. డిజైన్ చేసింది కళాకారిణి శుభ్రా నాయర్. ప్రాజెక్టు వెనుక ఉన్న మరో వ్యక్తి తార్ష్ తెక్కెకర, గూడలూరులో మనుషులు, ఏనుగులు పక్కపక్కనే ఎలా బతుకుతున్నాయో ఏళ్ల తరబడి పరిశోధించారు. టీ తోటలు, ఇళ్ల మధ్యే అక్కడ ఏనుగులు తిరుగుతుంటాయి. ఏది నెమ్మదైనదో, ఏది కోపిష్టిదో స్థానికులకు తెలుసు. తయారు చేసినవాళ్లకు ఆ ఏనుగులు ఎరిగిన మొహాలే!

ఈ మంద మొదట లండన్ వెళ్లింది. 2021లో గ్రీన్ పార్క్, సెయింట్ జేమ్స్ పార్కుల్లో వందకు పైగా ఏనుగులు కొలువుదీరాయి. 2024 మొదట్లో బెంగళూరు లాల్‌బాగ్‌లోనూ ఒక జట్టు కనిపించింది. అదే ఏడాది జులైలో రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్ నుంచి అమెరికా టూర్ మొదలైంది. న్యూయార్క్ తర్వాత డిసెంబర్‌లో మయామీ బీచ్. 2025 ఏప్రిల్‌లో హ్యూస్టన్ హెర్మన్ పార్క్. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉండే సిటీ కదా, అక్కడి కుటుంబాలకు వీకెండ్‌లో చూసొచ్చే వీలు దొరికింది. ఆ తర్వాత మోంటానాలో బ్లాక్‌ఫీట్ తెగ వాళ్ల బ్రౌనింగ్ పట్టణం. తుడిచిపెట్టుకుపోయిన బైసన్ మందల్ని తమ నేలకు తిరిగి తెస్తున్న తెగ అది. టూర్ మొత్తంలో అర్థవంతమైన మజిలీ ఇదే అనాలి. చివరికి లాస్ ఏంజెలెస్ వైపు చేరింది. అమెరికా ఖండం నుంచి వచ్చిన మొక్క రెండొందల ఏళ్ల తర్వాత ఏనుగు రూపంలో అక్కడికే తిరిగెళ్లిందన్నమాట!

టూర్‌లో ఈ ఏనుగుల్ని అమ్మకానికీ పెట్టారు. గున్న దాదాపు 8,000 డాలర్లు, దంతాల ఏనుగు దాదాపు 22,000 డాలర్లు. వచ్చిన సొమ్మును మనుషులు, వన్యప్రాణుల మధ్య గొడవలు తగ్గించే పనులకు కేటాయించారు. తయారీదారులకు ఇంటి దగ్గరే ఉపాధి దొరికింది.

అయితే బొమ్మలు చూసి మురిసిపోవడం వేరు, రాత్రిపూట పొలం గట్టున ఏనుగు ఎదురుపడటం వేరు. ఆసియా ఏనుగు అంతరించే ప్రమాదమున్న జాతుల జాబితాలో ఉంది. 2025 అక్టోబర్‌లో విడుదలైన డీఎన్‌ఏ ఆధారిత లెక్కల ప్రకారం మన దేశంలో ఉన్నవి 22,446. (2017 లెక్క 29,964. కానీ లెక్కించే పద్ధతే మారింది కాబట్టి అన్ని వేలు చనిపోయాయని అనుకోకూడదు.) మరోవైపు ఏనుగుల దాడుల్లో దేశంలో ఏటా 500 మంది దాకా ప్రాణాలు పోగొట్టుకుంటున్నారు.

తెలుగు రాష్ట్రాలకూ ఈ సెగ తగులుతోంది. చిత్తూరు జిల్లాలోకి 1980ల్లో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు వచ్చాయి. కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది వాటి కోసమే. పార్వతీపురం మన్యంలోకి ఒడిశా వైపు నుంచి దిగాయి. 2024 ఏప్రిల్‌లో మహారాష్ట్ర నుంచి ఆసిఫాబాద్ జిల్లాలోకి వచ్చిన ఒక్క ఏనుగు ఇద్దరు రైతుల ప్రాణాలు తీసింది. 2025 శివరాత్రికి ముందు అన్నమయ్య జిల్లా గుండాలకోనకు వెళ్తున్న ముగ్గురు భక్తులు మంద దాడిలో చనిపోయారు. అదే ఏడాది మే 21న కర్ణాటక నాలుగు కుంకీ ఏనుగుల్ని ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. వాటికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో క్యాంపు పెట్టారు. తరిమేయడం వరకు కుంకీలు పనికొస్తాయి కానీ, అడవిలో మేత పెంచడం వాటి పని కాదు కదా!

వంద బొమ్మలకు వాడిన కంప, దేశంలో ఉన్న లంటానా ముందు ఏ మూలకూ రాదు. కర్ణాటకలోని మలే మహదేశ్వర కొండల్లో సోలిగలు ఇదే పుల్లతో కుర్చీలు, బుట్టలు అల్లుతున్నారు. అదీ చిన్న పనే. పైగా ఈ మొక్కను పైపైన కొట్టేస్తే లాభం లేదు. ప్రధాన వేరును నేల కింద కొద్ది లోతులో నరికి, మొదలును తలకిందులుగా పెట్టాలని ప్రొఫెసర్ సి.ఆర్. బాబు ఒక పద్ధతి చెప్పారు. ఆ తర్వాత కూడా కొన్నేళ్లపాటు అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, పిట్టలు వేసిన విత్తనాల నుంచి మొలిచే పిలకల్ని పీకుతూనే ఉండాలి.